మా ఫార్మసిస్టుల సంఘం మీటింగులకు జనం రావట్లేదు, ఏం చేస్తే వస్తారు?

మాత్రాకాలం:

అందరికీ నమస్కారం. మాది చిన్న సంఘం, పేరుకి నూట ఎనభై మంది సభ్యులం. సగానికి పైగా సొంత మెడికల్ షాపులవాళ్లు, మిగతావాళ్లలో ఆస్పత్రి ఫార్మసీలో చేసేవాళ్లు, షాపుల్లో జీతానికి ఉండేవాళ్లు, కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లు కొందరు. ఈ ఏడాది కార్యక్రమాల బాధ్యత నా నెత్తిన పడింది. ఎన్నుకున్న రోజు నేను మీటింగ్‌కి వెళ్లలేదు, రానివాళ్లకే పదవి కట్టబెట్టడం మా దగ్గర ఆనవాయితీ.

పోయినేడాది మూడు ఉపన్యాసాలు, ఒక పిక్నిక్ జరిగాయి. ఉపన్యాసాలకు వరసగా 22 మంది, 17 మంది, 11 మంది వచ్చారు. పిక్నిక్‌కి పిల్లాజెల్లాతో కలిపి తొంభై దాకా తేలారు. దాంతో కమిటీలో కొందరు ఇక ఉపన్యాసాలు ఎత్తేసి ఆటపాటలే పెడదామంటున్నారు, ఇంకొందరేమో పిక్నిక్ రోజు పొద్దున్నే రెండు గంటలు ఉపన్యాసం పెట్టి అది విన్నాకే బస్సు ఎక్కనిద్దామంటున్నారు. మొదటిదైతే సంఘం కాదు క్లబ్బు అవుతుంది, రెండోదైతే శిక్ష అవుతుంది.

జనం రాకపోవడానికి కారణం నాకు కొంత తెలుసు. ఆఖరి ఉపన్యాసం యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి. మాట్లాడినాయన చదువుకున్న మనిషి, అందులో సందేహం లేదు, కానీ ఎనభై స్లైడ్లు, అన్నీ బీటా లాక్టమేజ్‌ల (యాంటీబయాటిక్‌ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఎంజైముల) బొమ్మలే. నా పక్కన కూర్చున్నాయన మెల్లగా, "మూడు రోజులు వేసుకుని తగ్గిపోయింది కదా అని మిగతావి దాచిపెట్టుకుని, పోయిన నెల మాత్రలే మళ్లీ మా చెల్లికి ఇవ్వొచ్చా అని వచ్చేవాడికి ఏం చెప్పాలో అది చెప్పరేం" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన మైకులో అడగలేదు, అడిగి ఉంటే ఆ సాయంత్రం మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే అయ్యేది.

మీ దగ్గర ఏం నడుస్తోంది? ఏ విషయాలు పెడితే వస్తున్నారు, ఏ టైముకి, ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాత్రిడ్యూటీ:

మేం రెండేళ్ల కిందట ఉపన్యాసాలు మానేశాం. మాది ఆస్పత్రివాళ్లు ఎక్కువగా ఉన్న గుంపు, అయినా మీకూ పనికొస్తుందనే అనుకుంటున్నా. నెలకోసారి గంటసేపు కూర్చుంటాం, వచ్చినవాళ్లు తలా ఒక సంగతి చెప్పాలి, పొరపాటు జరగబోయి చివరి నిమిషంలో ఆగినది. రోగి పేరు, డాక్టరు పేరు, షాపు పేరు ఏదీ రాకూడదు.

మొదటిసారి ఒకరు చెప్పింది హైడ్రాక్సీజిన్, హైడ్రాలజీన్ గురించి. ఒకటి దురదకి, ఇంకోటి బీపీకి, అక్షరక్రమంలో పెడితే రెండూ ఒకే అరలో పక్కపక్కన కూర్చుంటాయి. చీటీలో డాక్టరుగారి రాత సగం గీతే. దురదతో వచ్చిన మనిషి చేతిలో బీపీ మందు పెట్టబోయి, "ఎప్పటినుంచి ఉందమ్మా దురద" అని అలవాటుగా అడుగుతుండగా తన చేతిలో ఉన్న స్ట్రిప్ చూసుకుని ఆగిపోయాడట. ఇది విన్న మర్నాడు నాకు తెలిసి కనీసం ఐదారుగురు తమ అరలు సర్దుకున్నారు. ఎనభై స్లైడ్లు చూపించినా ఎవరూ లేచి వెళ్లి అరలు సర్దరు.

తర్వాతి నెల మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కీ వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవే కాబట్టి ఇదీ రోజూ అనుకుని వేసుకుంటారు, రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పూస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. దాని మీద గంట పట్టింది మాకు. చివరికి తేలింది ఏంటంటే, "వారానికి ఒకసారి" అని చెప్పి వదిలేయకుండా ఏ రోజో రోగితోనే చెప్పించాలి, "బుధవారం" అంటే బుధవారం అని డబ్బా మీద రాసి ఇవ్వాలి. అంతే, కానీ దాన్ని మాలో ఎంతమంది అప్పటిదాకా చేయట్లేదో ఆ రోజే తెలిసింది.

ఒక్క జాగ్రత్త. మొదట నోరు విప్పాల్సింది అందరికంటే సీనియర్. పాతికేళ్ల అనుభవం ఉన్నాయన "నేను ఇలా బోల్తా పడ్డాను" అంటే తప్ప కొత్తవాళ్లు చెప్పరు. మా దగ్గర మొదటి అరగంట అందరూ గోడలు చూస్తూ కూర్చున్నారు, ఆయన మొదలుపెట్టాకే కదిలింది.

కౌంటర్‌కబుర్లు:

రాత్రిడ్యూటీ గారూ, చదవడానికి చాలా బాగుందండీ. కానీ నేను జీతానికి చేసే మనిషిని, మా ఓనరుగారు కూడా అదే సంఘంలో సభ్యులు, పైగా కోశాధికారి. ఆయన ఎదురుగా కూర్చుని నేను ఫలానా మందు తప్పు ఇవ్వబోయానని చెప్తానా? చెప్తే మర్నాడు నా పరిస్థితి ఏంటి? ఆస్పత్రిలో నడిచినంత తేలిగ్గా షాపులవాళ్ల మధ్య నడవదు.

ఇక టైము సంగతి. అసలు సమస్య ఇదే, ఎవరూ పట్టించుకోరు. సాయంత్రం ఏడింటికి మీటింగ్ అంటారు, డాక్టర్ల క్లినిక్‌లు వదిలేది అప్పుడే, కౌంటర్ ముందు మూడు వరసల జనం ఉంటారు. ఆదివారం అంటారు, వారంలో అదొక్కరోజే నేను ఇంట్లో ఉండేది. పొద్దున్నుంచి నిలబడే ఉంటాం, ఇంటికెళ్లేసరికి కాళ్లు పీకుతుంటాయి, అప్పుడు ఎవరి సన్మానమో చూడ్డానికి కుర్చీలో కూర్చోవాలంటే ప్రాణం ఒప్పుకోదు. మాకు మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా కాస్త ఖాళీ. ఒక్కసారి ఆ టైముకి పెట్టారు, మామూలుగా కనబడని అమ్మాయిలు తొమ్మిదిమంది వచ్చారు. మళ్లీ పెట్టలేదు, పెద్దలకు అది కునుకు తీసే వేళట.

ఆ రోజు జరిగింది ఇన్‌హేలర్ల మీద. మందు లేని ఉత్త ఇన్‌హేలర్లు తెచ్చి ఒక్కొక్కరి చేతికిచ్చి వాడి చూపించమన్నారు. ఆరేళ్లుగా రోగులకు నేను నేర్పిస్తున్నదాన్నే కదా అని ముందుగా లేచాను. ఊపాను, నొక్కాను, పీల్చాను, వదిలేశాను. అంతా చూసి, నేర్పడానికి వచ్చిన మేడం, "ఊపిరి పూర్తిగా బయటికి వదల్లేదు, పీల్చడం మొదలుపెట్టకముందే నొక్కేశారు, పీల్చాక పది సెకన్లు బిగబట్టలేదు" అని వరసగా మూడు తప్పులు చెప్పింది. ఇన్నేళ్లు ఎంతమందికి అలాగే నేర్పానో తల్చుకుంటే సిగ్గేసింది. పొడి ఇన్‌హేలర్ అయితే మళ్లీ వేరు, దాన్ని నెమ్మదిగా పీలిస్తే మందు లోపలికి సరిగా పోదు, గట్టిగా, వేగంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్నది వాడాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యమని చెప్పడం నాకు తెలుసు, అదొక్కటే పరువు కాపాడింది.

అలాంటివి పెట్టండి, వస్తాం. వచ్చేవాళ్ల చేతులకి పని ఉండాలి.

పాతసీసా:

నేను ఈ వృత్తిలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మీరంతా పిక్నిక్‌ని చులకన చేస్తున్నట్టు అనిపించి రాస్తున్నాను.

ఒక రాత్రి ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చాడు, వాళ్ల నాన్నకి మూర్ఛ మందు అయిపోయింది, ఆ మోతాదు నా దగ్గర లేదు. ఆ మందు ఒక్క పూట కూడా ఆపకూడదని మీకందరికీ తెలుసు. నేను నలుగురికి ఫోన్ చేశాను, మూడోవాడు షట్టర్ దించేసి ఇంటికెళ్లినవాడు మళ్లీ వచ్చి తీసిచ్చాడు. అతను నాకు ఉపన్యాసంలో పరిచయమైనవాడు కాదు, పిక్నిక్‌లో క్రికెట్ ఆడుతూ నా బౌలింగ్‌కి అవుటై గొడవపెట్టుకున్నవాడు. రోజూ ఒకే వీధిలో ఒకరి కస్టమర్‌ని ఒకరు లాక్కునే మనుషులం మనం, ఒకరి ముఖం ఒకరు నవ్వుతూ చూసుకోవడానికి ఒక రోజు ఉండాలి. ఆ రోజు మైకు పెట్టొద్దు, బ్యానర్ పెట్టొద్దు, ఎవరికీ శాలువా కప్పొద్దు.

అలాగని ఉపన్యాసాలన్నీ దండగ కాదు. నేను మర్చిపోలేనిది ఒకటుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే ఇన్ఫెక్షన్ల మందుని సిరప్‌గా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించారు, రుచి, వాసన, రంగు చూసుకున్నారు గానీ విషమో కాదో చూడలేదు. నూరుమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మందు అమ్మేముందు అది సురక్షితమని చూపించాలన్న చట్టం అక్కడ 1938లో వచ్చింది దాని తర్వాతే. ఆ మాట్లాడినావిడ ఇదంతా కథలా చెప్పి, అక్కడితో ఆపకుండా 2022లో గాంబియాలో దగ్గు సిరప్‌లు తాగి పిల్లలు కిడ్నీలు చెడి చనిపోయిన సంగతికి వచ్చింది. అదే రసాయనం, ఎనభై అయిదేళ్ల తర్వాత. హాలులో ఒక్క ఫోను మోగలేదు, మోగినా ఎవరూ తీసేవాళ్లు కాదు. స్లైడ్లు అసలు లేవు. కాబట్టి విషయం బరువుగా ఉంటే రారు అన్నది తప్పు.

ఖర్చు మాత్రం కంపెనీవాళ్ల చేత పెట్టించొద్దు. ఒకసారి ఒక కంపెనీ హాలు ఇచ్చింది, సంచులు ఇచ్చింది, షుగరు మీద శిక్షణ అన్నారు. గంటన్నరలో గంటా పది నిమిషాలు వాళ్ల కొత్త మాత్ర గురించే. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో గడ్డకడితే పారేయాలా, కరిగించి వాడొచ్చా అని ఒక కుర్రాడు అడిగితే టైం లేదన్నారు. పారేయాలి, ఆ జవాబుకి రెండు సెకన్లు చాలు.

తెల్లకోటు:

నేను పాఠాలు చెప్పేవాళ్లలో ఒకడిని, బీటా లాక్టమేజ్ బొమ్మలు నేనూ చూపించాను, ఒప్పుకుంటున్నా.

కంపెనీల విషయంలో పాతసీసాగారితో సగమే ఏకీభవిస్తాను. చందాలతోనే అన్నీ నడపడం చిన్న సంఘాలకు కుదరదు. మేం పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, విషయం, మాట్లాడే మనిషి రెండూ సంఘమే ఎంచుకుంటుంది, డబ్బిచ్చినవాళ్లు బయట బల్ల వేసుకోవచ్చు, మైకు ముట్టుకోకూడదు, లోపల మందుల గురించి అసలు పేర్లతోనే మాట్లాడాలి, బ్రాండు పేరు రాకూడదు. దీనికి ఒప్పుకోనివాళ్లు వెళ్లిపోయారు, ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఇన్ని గంటల శిక్షణ ఉండాలని నిబంధన ఉంటే ఆ గంటలు లెక్కలోకి వచ్చేలా ముందే అనుమతి తీసుకోండి, హాజరు దానంతటదే పెరుగుతుంది. సంతకం పెట్టి వెనక తలుపులోంచి జారుకునేవాళ్లు కూడా పెరుగుతారు, అది వేరే సంగతి. మేం సంతకం చివర్లో పెట్టిస్తాం.

ఏడాది క్యాలెండర్‌కి మూడు తేదీలు సిద్ధంగానే ఉన్నాయి. సెప్టెంబర్ 17 ప్రపంచ రోగి భద్రత దినం, రాత్రిడ్యూటీగారు చెప్పిన పొరపాట్ల మీటింగ్‌కి అంతకన్నా మంచి రోజు లేదు. సెప్టెంబర్ 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినం, అంతర్జాతీయ ఫార్మాస్యూటికల్ ఫెడరేషన్ 1912లో మొదలైంది ఆ తేదీనే, దాన్ని మన రోజుగా జరుపుకోవాలని 2009లో ఇస్తాంబుల్‌లో నిర్ణయించారు. పాతసీసాగారి క్రికెట్ ఆ రోజు పెట్టుకోండి. నవంబర్ 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల మీద అవగాహన వారం. అప్పుడు ఉపన్యాసం బదులు ఒక పని చేయండి, ఒకరు రోగిలా, ఒకరు ఫార్మసిస్టులా నటించి ఆ "పోయిన నెల మాత్రలు మా చెల్లికి ఇవ్వొచ్చా" అన్న ప్రశ్ననే అడగండి. మా విద్యార్థులు రోగులుగా నటిస్తే మహా మొండిగా నటిస్తారు, నిజం రోగులే నయం.

మాత్రాకాలం:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న కమిటీ ముందు పెట్టాను. మూడు నెలలు చూద్దామన్నారు. మొదటి నెల మధ్యాహ్నం మూడింటికి ఇన్‌హేలర్లు, కునుకు వేళ అని అన్నవాళ్లు మా దగ్గరా ఉన్నారు, వాళ్లని సాయంత్రం పిక్నిక్ కమిటీలో వేశాను. పిక్నిక్ పిక్నిక్‌గానే ఉంటుంది, పొద్దున ఉపన్యాసం లేదు.

కౌంటర్‌కబుర్లు గారూ, మీ ప్రశ్నకి మాత్రం కమిటీలో అరగంట పట్టింది, ఎందుకంటే అక్కడున్న పదిమందిలో ఎనిమిదిమంది ఓనర్లే, జీతానికి చేసేవాళ్ల వైపు నుంచి మాట్లాడేవాళ్లే లేరు. చివరికి ఒక పెట్టె పెడదామనుకున్నాం. పొరపాట్లని పేరు లేకుండా కాగితం మీద రాసి అందులో వేయడం, అందరివీ కలిపేశాక ఒకరు తీసి చదవడం. చేతిరాత గుర్తుపడతారని ఒకరన్నారు, టైప్ చేసి ప్రింటు తీసి వేయమన్నాం. ఇది నడుస్తుందంటారా?

కౌంటర్‌కబుర్లు:

నడుస్తుందండీ. చదివేది మా కోశాధికారిగారి లాంటివాళ్లు కాకుండా చూడండి. ఆయన ప్రతి కాగితం చదివి ఇది ఎవరు రాసుంటారా అని హాలంతా కలయజూస్తారు.

రాత్రిడ్యూటీ:

పెట్టెకి తాళం వేయండి. తాళంచెవి ఓనర్లు కానివాళ్ల దగ్గర ఉంచండి. మొదటి కాగితం మీరే రాసి వేయండి, మాత్రాకాలంగారూ, ఖాళీ పెట్టె తెరిస్తే రెండోసారి ఎవరూ వేయరు.