బ్యానర్ లాగే చిన్న విమానంలో ఉద్యోగం: ఒప్పుకోవచ్చా?

రేణిగుంట_మామ:
మా అక్క కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగినోడు. మొన్ననే కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చింది. ఫ్లోరిడా బీచ్‌ల మీద ప్రకటన బ్యానర్ లాక్కుంటా తిరిగే విమానంలో పని ఇస్తామంటున్నారంట. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. తిరుపతిలో కూర్చుని నేనేం చెప్పేది? తెలిసినోళ్లు చెప్పండప్పా.

గాలిపటం_చిత్తూరు:
అన్నా, ఆ పని నేను అక్కడ చేసినా. అక్కడ లైసెన్స్ 250 గంటలు ఎగిరితే వస్తుంది. ఎయిర్‌లైన్‌లోకి పోవాలంటే మామూలుగా 1,500 కావాల. ఆ గంటల కోసమే కుర్రోళ్లు దీంట్లోకి వస్తారు.

బ్యానర్ కట్టుకుని విమానం లేస్తుందని అందరూ అనుకుంటారు. కాదు, ఖాళీగా లేస్తుంది. పైకి పోయినాక కొక్కేన్ని కిటికీలోంచి బయటికి విసరాల. కింద రెండు గుంజల మధ్య బ్యానర్ తాడు కట్టి పెట్టుంటారు. వేగంగా కిందికొచ్చి, తాడు దాటతానే ముక్కు పైకెత్తి ఫుల్ పవర్ ఇస్తే, వెనక వేలాడే కొక్కేనికి తాడు తగులుకుంటుంది. అసలు గండం ఆ క్షణమే. ముక్కేమో ఆకాశానికి, వేగం పడిపోతా ఉంటుంది, బ్యానర్ వెనక్కి గుంజతా ఉంటుంది. అక్కడ స్టాల్ అయితే, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక జారిపోతే, సర్దుకునేంత ఎత్తుండదు.

ఇంకోటి, విసిరిన కొక్కెం మన తోక చక్రానికే చిక్కుకోవచ్చు. నాతో చేసే ఒకాయనకి అట్లే అయింది. బ్యానర్ జోలికి పోకుండా నిదానంగా దిగేసినాడు.

కొండమిట్ట_మెకానిక్:
ఇంజను సంగతీ చూడాల. పవర్ ఎక్కువ, వేగం తక్కువ. భాకరాపేట ఘాట్‌లో లోడు లారీ ఫస్ట్ గేర్లో ఎక్కినట్టే, చల్లబరిచే గాలి చాలక ఆయిల్ కాగిపోతుంది. ఎండాకాలంలో గాలి పలచబడి రెక్కలకి లిఫ్టూ తగ్గుతుంది, ఇంజనుకి బలమూ తగ్గుతుంది.

అలిపిరి_రాజు:
2019 మార్చిలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఇట్లాంటి విమానమే అపార్ట్‌మెంటుకి గుద్దుకుని పైలట్ పోయినాడు. అక్కకి ఇది చెప్పొద్దు సామీ.

ఫ్లెక్సీ_బాబు:
నవ్వొద్దండి, మా కస్టమరు ఒకాయన షాపు ఓపెనింగ్‌కి తిరుపతి మీద ఇట్లా తిప్పుదామన్నాడు! కొండ మీద విమానాలు తిరగనీయొద్దని టీటీడీ 2025లో కేంద్రానికి లేఖ రాసిన ఊర్లో. ఆటోకి మైకు కట్టి పంపించినాం.

రేణిగుంట_మామ:
గాలిపటం తమ్ముడూ, పిల్లోడు ఒప్పుకునే ముందు వాళ్లనేం అడగాల?

గాలిపటం_చిత్తూరు:
ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా విమానయాన శాఖ, అనుమతి పత్రం ఉందా అని మొదట. అది లేకుండా అక్కడ బ్యానర్ లాగకూడదు. పక్కన అనుభవమున్నోడు కూర్చుని కొక్కెం పట్టడం ఎన్నిసార్లు చేయిస్తారు? తాడు వదిలే లివర్‌ని ఎప్పుడెప్పుడు పరీక్షిస్తారు? ఇంజను ఆగితే ముక్కు దించడం, బ్యానర్ వదలడం ఆలోచించకుండా చేతికి రావాల. ఎత్తు తక్కువ, ఆలోచించే టైముండదు. గాలి బాగాలేని రోజు పోనంటే ఏమంటారో, అది కూడా అడగమను.

రేణిగుంట_మామ:
అడిగినాడంట. పోకుంటే ఆ రోజు డబ్బుల్లేవంట, ఎగిరిన గంటలకే లెక్క. లివర్ సంగతి మాత్రం మాట దాటేసినారంట.

గాలిపటం_చిత్తూరు:
గంటల లెక్క చాలా చోట్ల ఉండేదే, దానికి భయపడొద్దు. లివర్ గురించి జవాబు చెప్పనోళ్ల దగ్గర మాత్రం చేరొద్దను. ఆ తీరంలో ఈ పని ఇచ్చేది వాళ్లొక్కరే కాదు.