అత్తయ్యగారి ఫోటోల పుస్తకం: ఒక్కసారి చేసిన పేజీ ఆల్బమ్‌కీ, టీవీకీ, స్టేటస్‌కీ పనికొచ్చేదెలా?

కాకినాడ కోడలు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అత్తయ్యగారి సహస్ర చంద్ర దర్శనం. ఆవిడ ఫోటోలతో 20 పేజీల పుస్తకం చేద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు అయ్యాయో లేదో తలా ఒక మాట మొదలైంది. డాలస్‌లో ఉన్న ఆడపడుచు అక్కడే ప్రింట్ వేయించుకుంటుందట, తనకి 12×12 అంగుళాల చదరం కావాలి. ఇక్కడ ల్యాబ్‌లో 12×18 ఆల్బమ్ అంటున్నారు. మావారేమో ఫంక్షన్ రోజు టీవీలో తిప్పాలంటారు. పిల్లలకి స్టేటస్ కావాలి. అన్ని పేజీలూ నాలుగుసార్లు చేసే ఓపిక నాకు లేదండీ.

ఇంకో బాధ. కాన్వా డిజైన్ యాప్‌లో 12 అంగుళాలని పెట్టి చేసిన పేజీని పీఎన్‌జీగా దించి ప్రింట్ తీయిస్తే మసకగా వచ్చింది. ఫోన్‌లో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. తప్పు ఎక్కడ?

పాత ఆల్బమ్:
మసక సంగతి ముందు తేల్చేద్దాం. కాన్వా అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కేస్తుంది. అంటే మీ 12 అంగుళాల పేజీ 1152 పిక్సెళ్ల బొమ్మగా దిగింది. ప్రింట్‌కి అంగుళానికి 300 కావాలి. కొత్త పేజీ తెరిచేటప్పుడు అంగుళాలు వద్దు, పిక్సెళ్లలో 3600×3600 అని కొట్టండి. అంతే.

ఇక నాలుగు సైజుల గొడవ. అన్నిటికీ తల్లి పేజీ చదరమే అనుకోండి. టీవీ 1920×1080. చదరాన్ని 1080కి తగ్గించి మధ్యలో పెడితే అటూ ఇటూ 420 చొప్పున ఖాళీ మిగులుతుంది. స్టేటస్ అదే లెక్క, నిలువుగా: పైన 420, కింద 420. ఆ ఖాళీలో మీ పేజీ వెనకున్న కాగితం రంగునే పరిచేయండి, అతికించినట్టు ఉండదు. ల్యాబ్ వాళ్ల 12×18ని అడ్డంగా పెడితే చదరం పోగా 6 అంగుళాల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీలో ఒక నిలువు ఫోటో గానీ నాలుగు మాటలు గానీ రాసుకోండి. చదరం లోపల దేన్నీ కదపక్కర్లేదు. మా అక్క 60వ పుట్టినరోజుకి నేను చేసింది ఇదే. మొదట అడ్డం పేజీగా చేసి, తర్వాత స్టేటస్ కోసం కత్తిరిస్తే మా బావగారు సగమే మిగిలారు. ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

కాకినాడ కోడలు:
ఈ లెక్క ఇంతకుముందు ఎవరూ చెప్పలేదండీ! మరి 20 పేజీలకీ 20 డిజైన్లు కావాలి కదా?

పాత ఆల్బమ్:
అక్కర్లేదు. ఐదు చాలు. ఒక పెద్ద గడి, మూడు చిన్న గడులు, రాతకి చోటు... ఇలా ఖాళీ గడులతో ఒక అమరిక చేసుకోండి. దాన్ని పావు వంతు తిప్పితే రెండో పేజీ, ఇంకో పావు తిప్పితే మూడోది, ఇంకోసారి తిప్పితే నాలుగోది. చదరం కాబట్టే ఇది కుదురుతుంది. పక్కపక్కన పెట్టి చూసినా ఒకటే డిజైనని ఎవరూ పట్టుకోలేరు. రెండు జాగ్రత్తలు మాత్రం. ఫోటోలు నింపకముందే తిప్పండి, లేకపోతే మనుషులు కూడా పడుకుంటారు. నీడలు, టేపు ముక్కలు లాంటివి తిప్పాకే వేయండి. ఒక పేజీలో నీడ కిందకీ ఇంకో పేజీలో పైకీ పడితే చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉంటుంది కానీ ఏమిటో చెప్పలేరు.

గోదారి గట్టు:
మధ్యలో వస్తున్నాను. ఫోటోలు ఎక్కడివమ్మా? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి తీసినవైతే పేజీ ఎంత బాగా చేసినా లాభం లేదు.

కాకినాడ కోడలు:
సగం అవేనండి 🙈 మిగతావి అత్తయ్యగారి ట్రంకు పెట్టెలోవి. నల్ల అట్టల ఆల్బమ్, మధ్యమధ్య సాలెగూడు డిజైన్ పల్చటి కాగితం, నాలుగు మూలలా కార్నర్లు. 1964 పెళ్లి ఫోటోలు. కొన్ని అట్టకి అంటుకుపోయాయి.

గోదారి గట్టు:
అంటుకున్నవాటిని పీకొద్దు! ఒక పొర అక్కడే ఉండిపోతుంది. అట్టతో సహా ఫోన్‌తో తీయండి. పగటిపూట, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా. ఫోన్ ఫోటోకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. అద్దం ఫ్రేములో ఉన్నవాటికి గూగుల్ ఫోటోస్కాన్ యాప్ వాడండి, ఐదుసార్లు తీసి మెరుపు లేకుండా కలుపుతుంది. విడిగా ఉన్న ఫోటోలకి స్కానరే మేలు. 4×6 ఫోటోకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 2400×3600 వస్తుంది, మీ పేజీలో ఒక వైపంతా నింపినా తట్టుకుంటుంది. స్టాంపు సైజు ఫోటోలకి 1200 పెట్టండి. వెనక వైపు కూడా స్కాన్ చేయడం మర్చిపోకండి. స్టూడియో ముద్ర, తేదీ, ఒక్కోసారి మామయ్యగారి చేతిరాత కూడా ఉంటుంది.

వాట్సాప్ మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. 300 లెక్కన అది 5 అంగుళాల పైచిలుకు, అంతే. అలాంటివి చిన్న గడుల్లో పెట్టండి. పెద్ద గడికి కావాల్సిన ఫోటోలు మాత్రం తీసినవాళ్లనే అడిగి, ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించుకోండి. గ్రూపులో ఒక మెసేజ్ పెడితే పని కాదు, ఒక్కొక్కరికీ ఫోన్ చేయాల్సిందే. నా అనుభవం.

కాకినాడ కోడలు:
బ్యాక్‌గ్రౌండ్‌కి ఏం పెట్టాలి? ఇంటర్నెట్‌లో దొరికే గులాబీలు, సీతాకోకచిలుకలు అత్తయ్యగారికి నప్పడం లేదు. ఆవిడ జీవితంలో సీతాకోకచిలుకల వైపు చూసింది లేదు, ఇడ్లీ పిండి వైపు తప్ప 😄

పాత ఆల్బమ్:
హహ. బీరువా తెరవండి. కాకినాడ అంటున్నారు, ఉప్పాడ చీర ఒక్కటైనా ఉండకపోదు. పరిచి, ముడతలు లేకుండా, నీడలో పైనుంచి ఫోటో తీయండి. దాన్ని వెనక పరిచి గాఢత (ఒపాసిటీ) 20, 25 శాతానికి తగ్గిస్తే మీ కాగితం రెడీ. అంచు విడిగా తీసి పేజీకి పక్క పట్టీగా వాడండి. పెళ్లి పేజీకి వాళ్ల శుభలేఖే బ్యాక్‌గ్రౌండ్, మూలల్లో పసుపు మరకలతో సహా. ఆ మరకల్ని శుభ్రం చేయకండి దయచేసి. ఇన్లాండ్ లెటర్లు ఉంటే అవీ స్కాన్ చేయండి. ఫోటోషాప్‌లో గానీ, బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఫోటోపీలో గానీ తెల్ల కాగితం మీది చేతిరాతని మల్టిప్లై మోడ్‌లో పెడితే కాగితం మాయమై అక్షరాలు మాత్రం చీర మీద రాసినట్టు నిలుస్తాయి.

కాకినాడ కోడలు:
అక్షరాలంటే గుర్తొచ్చింది. మా అబ్బాయి ఫోటోషాప్‌లో "అత్తయ్య" అని టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చాయి.

ల్యాబ్ బాబాయ్:
దానికి నేను చెప్తానమ్మా, రోజూ మా కౌంటర్ దగ్గర ఇదే గోల. ఫోటోషాప్ 2022 కంటే ముందుదైతే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చమను. ఇంకా పాత వెర్షన్ అయితే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. కొత్త ఫైలు తెరిచి టైప్ చేస్తే ఒత్తులు బుద్ధిగా కిందకి వస్తాయి. అను ఫాంట్లలో టైప్ చేసింది కాపీ చేసి వేరేచోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, యూనికోడ్‌లోనే (ఫోన్‌లో మామూలుగా వచ్చే తెలుగు అదే) కొట్టుకోండి. గూగుల్ ఫాంట్లలో అష్టదిగ్గజాలు కొందరు ఉచితంగా దొరుకుతారు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. శీర్షికకి రామభద్ర లావుగా బాగుంటుంది, కింద రాతకి మందలి. వరుసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లకి తగ్గనీయకండి. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలితే చదవలేం.

ఇంకో మాట. చుట్టూ అర అంగుళం లోపల మొహాలు, అక్షరాలు పెట్టకండి, కటింగ్‌లో పోతాయి. రంగుల సెట్టింగ్ ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచి జేపెగ్ ఇవ్వండి. పేజీ ఫైళ్లకి 01, 02 అని నంబర్లు పెట్టండి, 1, 2 కాదు. 10 వెళ్లి 1 పక్కన కూర్చుంటుంది.

కాకినాడ కోడలు:
(పది రోజుల తర్వాత) 14 పేజీలు అయ్యాయి. పెళ్లి ఫోటోలో అత్తయ్యగారి వెనక ఎవరో అమ్మాయి ఉంది, ఎవరో తెలియలేదు. పేజీ ఫోన్‌లో పెట్టి చూపిస్తే "మా రంగం పిన్ని కూతురు, ఆ రోజు నా జడ వేసింది అదే" అన్నారు. తర్వాత అరగంట చెప్తూనే ఉన్నారు. అదంతా రికార్డ్ చేసి, ఆవిడ మాటల్లోనే 6 అంగుళాల పట్టీలో రాశాను. డాలస్ చదరంలో అది లేదని ఆడపడుచు అలిగింది. తనకి విడిగా ఇంకో పేజీ చేస్తున్నాను!

చివరి సందేహం బాబాయ్‌గారూ, కాగితం గ్లాసీ తీసుకోనా, మ్యాటా?

ల్యాబ్ బాబాయ్:
మ్యాట్. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వేలు పెట్టి "ఇదెవరు, ఇదెవరు" అంటారు. గ్లాసీ అయితే వారంలో ఫోటోల కంటే వేలిముద్రలే ఎక్కువ కనిపిస్తాయి. 20 పేజీలూ ఒకేసారి ఇవ్వకు తల్లీ, ముందు ఆ చీర పేజీ ఒక్కటి పంపు. పట్టు రంగు మా మెషీన్‌లో ఎలా పడుతుందో చూసి ఫోన్ చేస్తాను.