అలంపూర్ గుళ్ల చుట్టూ ఫోన్‌తో ఎస్కేప్ గేమ్: నెట్ సరిగ్గ రాని చోట ఎట్ల కట్టాలె?

తుంగభద్ర ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్తే. గద్వాల నుంచి 25 మంది డిగ్రీ పిల్లలను ఒక ఆదివారం అలంపూర్ తీసుకపోతున్నం. మామూలుగ అయితే ఒకరు ముందు నడుచుకుంట చెప్పుకుంట పోతరు, వెనకోళ్లకు సగం ఇనపడది. అట్ల కాకుండ జట్లుగ విడిపోయి, ఫోన్‌లో వచ్చే చిక్కుముడులు విప్పుకుంట, నవబ్రహ్మ గుళ్లను వాళ్లంతట వాళ్లే చూసేటట్టు ఒక ఆట కట్టాలె. ఎస్కేప్ రూమ్‌లో తాళాలు ఒకదాని ఎనక ఒకటి తీస్తరు గద, అదే ఆట, కాకపోతే గది బదులు ఊరు.

ఉన్న సమయం రెండు గంటలు. ఖర్చు రెండు వేలు దాటొద్దు, యాప్ కొనలేం. తెలువాల్సినవి మూడు. జీపీఎస్ పెట్టి "ఈ గుడి కాడికి వస్తేనే తర్వాతి ప్రశ్న తెరుచుకోవాలె" అని చేయొచ్చా? గూగుల్ ఫామ్ సరిపోతదా, నెట్ పోతే ఏం గతి? క్యూఆర్ కోడ్‌లు ఎక్కడ అంటించాలె?

కోటగోడ

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలె, ఎందుకంటే మిగతాదంత దాని మీదనే ఆధారపడి ఉంటది. గుళ్ల మీద ఏదీ అంటించొద్దు. నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నయి. 1958 నాటి చట్టం కింద, 2010ల చేసిన సవరణ తర్వాత, కట్టడాన్ని పాడుచేస్తే రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా. సెలోటేప్ అయినా రాయి మీద జిగురు మరక విడుస్తది. చాక్‌పీస్ గుర్తులు, దారం కట్టుడు గూడ వద్దు.

ఇది ఆటకు అడ్డంకి అనుకోకండి. కార్డు మీద జవాబు రాసి పెడితే పిల్లలు కార్డు కోసం ఎతుకుతరు, గుడిని చూడరు. జవాబు రాయిలోనే ఉంటే రాయినే చూస్తరు. మీకు కావాల్సింది గదే కదా.

నా దృష్టిల ఆట ఇట్ల ఉండాలె. ఆరు జట్లు, జట్టుకు నలుగురు, ఒక జట్టుల ఐదుగురు. ఆరు మజిలీలు. ఒకటో జట్టు ఒకటో మజిలీ నుంచి, రెండో జట్టు రెండో దాని నుంచి, అట్ల అందరు గుండ్రంగ తిరుగుతరు. అందర్నీ ఒక్కకాడ నుంచే వదిలితే మొదటి జట్టు గట్టిగ అరిచిన జవాబు అయిదు జట్లు ఇంటయి, ఆట అక్కడ్నే చచ్చిపోతది. మజిలీకి 12 నిమిషాలు, నడకతో కలిపి 15. ఆరుకు గంటన్నర, చివరి తాళానికి అర గంట. మీ రెండు గంటలు సరిపోయినయి.

ఈ పద్ధతిల ప్రశ్నలు వరుస కథ లెక్క ఉండొద్దు, ఎటునుంచి మొదలుపెట్టినా నడవాలె. నాలుగు మజిలీల్లో సరైన జవాబు కొడితే ఒక్కో అక్షరం దొరకాలె, మిగిలిన రెండింట్లో ఒక్కో సంఖ్య. నాలుగక్షరాలు కలిపితే "కూడవెల్లి". కృష్ణ, తుంగభద్ర కలిసేకాడ ఉండె ఆ ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్ల మునిగే ముందు అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌ల మళ్లీ కట్టిన్రు. ఆ పేరు కనుక్కున్న జట్టుకు చివరి చోటు ఏదో అర్థమైతది. అక్కడ మీ మనిషి దగ్గర నాలుగంకెల తాళం వేసిన రేకు డబ్బా ఉండాలె, రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే ఆ తాళం తెరుచుకోవాలె.

ఒక జాగ్రత్త. "సంగమేశ్వరం" అని నెట్‌ల ఎతికితే నది అవతల, ఏటా శ్రీశైలం నీళ్లల్ల మునిగి ఎండాకాలం తేలే గుడి వస్తది. అది వేరు, ఇది వేరు. ప్రశ్నలనే "అలంపూర్‌లో ఉన్న" అని స్పష్టంగ రాయండి, లేకుంటే ఒక జట్టన్న ఆటో మాట్లాడుకుంటది.

సంఖ్యలకు నమూనా ఇస్తున్న. తొమ్మిది గుళ్ల పేర్లు బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ. ఒత్తులను విడిగ లెక్కపెట్టకుండ అక్షరాలు కూడితే 21. కుమార, తారక, గరుడ మూడేసి, మిగిలిన ఆరూ రెండేసి. పేర్లు ముందే ఇయ్యొద్దు, గుడి గుడికి తిరిగి పోగేసుకోవాలె. రెండో సంఖ్య జోగులాంబ గుడి బయట: శక్తిపీఠాలను అష్టాదశ అంటరు కాబట్టి 18. డబ్బా తాళం 2118. ఇక్కడ రాసినవి పిల్లలు గూడ చదువుతరు, మీరు మార్చుకోండి.

అక్షరం దొరికే మజిలీకి ఒక మంచి ప్రశ్న శిఖరం మీద పెట్టొచ్చు. గుళ్లన్నీ బాదామి చాళుక్యుల కాలంవే, ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. శిఖరాలు ఒంపు తిరిగి పైకి పోయే ఉత్తరాది రేఖానాగర పద్ధతి. తారకబ్రహ్మది మాత్రం మెట్లు మెట్లుగ, వేరే తీరు. "తొమ్మిది మంది అన్నదమ్ముల్లో ఒకరి తలపాగా వేరు" అని అడిగితే తల పైకెత్తి అన్ని శిఖరాలు చూస్తరు. స్వర్గబ్రహ్మ గోడల మీద దిక్పాలకులు ఉన్నరు. దున్నపోతు మీద కూర్చున్నాయన ఏ దిక్కు కాస్తుండో అడగండి. గుళ్ల వాకిళ్లు తూర్పుకే ఉంటయి కాబట్టి దిక్కు కనుక్కోనీకి వేరే సాయం అక్కర్లేదు.

పెట్టకూడని ప్రశ్నలు గూడ ఉన్నయి. "స్తంభాలెన్ని?" అని ఊరికే అడిగితే గోడకు అతికి ఉన్న అర స్తంభాలను కొందరు లెక్కేస్తరు, కొందరు వెయ్యరు, మూడు జట్లకు మూడు జవాబులొస్తయి. అడిగితే "నాలుగు పక్కలా విడిగ నిలబడ్డవి మాత్రమే" అని రాయండి. నీడ ఎటు పడుతదనే ప్రశ్న ఏడున్నరకు ఒక తీరు, తొమ్మిదిన్నరకు ఒక తీరు. గుడి పేరు తప్ప సమాచార బోర్డు మీది మిగతా మాటలు, ఫ్లెక్సీలు, గోడ రాతలు నమ్మొద్దు, రాత్రికి రాత్రి మారుతయి. నది కాడ మజిలీ పెడితే ఘాట్ పై మెట్టు మీదనే నిలబడి జవాబు దొరకాలె. కింది మెట్లకు నాచు ఉంటది, నీటి మట్టం ఒక్క తీరు ఉండది.

సున్నా ఒకటి

జీపీఎస్, ఫామ్ సంగతి నేను చెప్తాను.

గుళ్ల ఆవరణలో జీపీఎస్ తాళం పెట్టకండి. పైన ఆకాశం తెరిచి ఉన్నప్పుడు మామూలు ఫోన్ ఐదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. రాతి గోడ పక్కన నిలబడితే సిగ్నల్ గోడకు తగిలి తిరిగొచ్చి ఆ తేడా పదిహేను, ఇరవై మీటర్లకు పోతుంది. అందుకే తాళం వలయం, అంటే చోటు చుట్టూ గీసే గుండ్రటి హద్దు, కనీసం 25 మీటర్లు పెట్టాలి. అలంపూర్‌లో గుళ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఆ వలయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్వర్గబ్రహ్మ ముందు నిలబడితే పక్క గుడి ప్రశ్న తెరుచుకుంటుంది. జీపీఎస్ పనికొచ్చేది చివరి సంగమేశ్వరం దగ్గర ఒక్కటే, అక్కడ 40 మీటర్ల వలయం పెట్టండి. అలంపూర్ దగ్గర్లోనే విడిగా ఉన్న పాపనాశి గుళ్లను కూడా చేర్చదలిస్తే అక్కడా సరిపోతుంది.

వాడేటట్లయితే మూడు చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, లొకేషన్ అనుమతిలో "కచ్చితమైనది", "సుమారుగా" అని రెండు రకాలొచ్చాయి. "సుమారుగా" నొక్కిన ఫోన్‌కు ఆ తాళం తెరుచుకోదు, ఆ జట్టు గుడి ముందే నిలబడి ఆట పాడైందనుకుంటుంది. రెండోది, నెట్ లేకుండా జీపీఎస్ మొదటిసారి అందుకోవడానికి ఉపగ్రహం నుంచే వివరాలు దిగాలి. ఒక్కో ఉపగ్రహానికి అరనిమిషం, సిగ్నల్ మధ్యలో తెగితే మళ్లీ మొదటికి. బస్సు దిగగానే అందరూ మ్యాప్ ఒకసారి తెరిచి ఉంచితే ఈ బాధ పోతుంది. మూడోది, బ్రౌజర్‌లో నడిచే ఆటకు హెచ్‌టీటీపీఎస్ లింకు (https:// తో మొదలయ్యే సురక్షిత లింకు) ఉంటేనే లొకేషన్ ఇస్తుంది.

గూగుల్ ఫామ్‌తో పని మొదలుపెట్టడం తేలిక. ప్రతి మజిలీ ఒక సెక్షన్. "షార్ట్ ఆన్సర్" ప్రశ్న పెట్టి, తప్పనిసరి చేసి, రెస్పాన్స్ వ్యాలిడేషన్‌లో (జవాబు సరిచూసే చోట) రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (జవాబు ఎలా ఉండాలో చెప్పే నమూనా), "మ్యాచెస్" ఎంచుకుని ^ *21 *$ అని రాయండి. ముందూ వెనకా ఖాళీ పడినా ఒప్పుకుంటుంది, 121 అని రాస్తే ఒప్పుకోదు. తప్పు జవాబుకు వచ్చే సందేశంలో "తప్పు" అని రాసి వదిలేయకండి, అదే మీ మొదటి సూచన: "ఒత్తును విడిగా లెక్కించారా?". జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపడం మాత్రం బహుళైచ్ఛిక ప్రశ్నకు, డ్రాప్‌డౌన్‌కే కుదురుతుంది.

లోపాలు రెండు. ఫామ్ పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిస్తే ఆ నమూనా అందులోనే కనిపిస్తుంది. కంప్యూటర్స్ పిల్లలుంటే కనిపెడతారు. ఇంకొకటి, నెట్ మీద ఆధారం. రాతి మండపం లోపలికి పోతే సిగ్నల్ పడిపోతుంది.

నెట్ లేకుండా నడవాలంటే ఆటను ఒక చిన్న వెబ్ పేజీగా రాసి గిట్‌హబ్ పేజెస్‌లో (వెబ్ పేజీలు ఉంచే సైటు) పెట్టండి. డబ్బు కట్టనక్కర్లేదు, హెచ్‌టీటీపీఎస్ ఉంటుంది. సర్వీస్ వర్కర్ (పేజీని ఫోన్‌లో దాచి నెట్ లేకున్నా చూపించే చిన్న కోడ్) జతచేస్తే ఒకసారి తెరిచిన పేజీ ఫోన్‌లోనే నిలుస్తుంది. గద్వాలలోనే వైఫైలో అందరితో తెరిపించి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ తెరిచి చూడమనండి. తెరుచుకుంటేనే బస్సెక్కండి. ఆ పేజీ ఫైలునే (హెచ్‌టీఎంఎల్) వాట్సాప్‌లో పంపడం దగ్గరి దారిలా కనిపిస్తుంది కానీ ఐఫోన్‌లో అది ప్రివ్యూగా తెరుచుకుని కోడ్ నడవదు, ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అడగదు.

గుడిమెట్లు

ఎండ సంగతి ఎవరూ అనలేదు. చెప్పులు విప్పి నడవాల్సిన చోట్లున్నయి. మార్చి దాటితే పది గంటలకే బండ కాలుతది, పిల్లలు గుడిని చూడరు, నీడకు ఉరుకుతరు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, ఏడున్నరకు మొదలైతే తొమ్మిదిన్నరకు అయిపోవాలె. ఫోన్ కూడ ఎండల ఉంటే వేడెక్కి స్క్రీన్ మసకబారుతది.

బాలబ్రహ్మ, జోగులాంబ గుళ్లల్ల పూజలు నడుస్తయి. ఆ రెండింటి లోపల ఏ ప్రశ్నా వద్దు, ఫోన్ బయటికి తీయొద్దు. దసరా నవరాత్రులు, శివరాత్రి, కార్తీక మాసం అసలే వద్దు. పురావస్తు శాఖ ఆవరణ సిబ్బందికి, ఆలయ కార్యాలయానికి తారీఖు, మంది, సమయం రాసిన ఉత్తరం ముందే ఇచ్చి, కాలేజీ ముద్ర ఉన్న నకలు జేబుల పెట్టుకోండి. ఆరు జట్లు ఫోన్లు పట్టుకొని గోడలను అంత శ్రద్ధగ చూస్తుంటే కాపలా ఆయనకు అనుమానం రావడం సహజం.

తుంగభద్ర ఒడ్డు

అందరికీ శనార్థులు, చానా పని తేలికైంది. ఇంక రెండు. జవాబు తెలుగుల టైప్ చేయించొచ్చా? "తారక" అని కొడితే ఒప్పుకోవాలె, "తారకబ్రహ్మ" అన్నా ఒప్పుకోవాలె. ఇంక ఒక జట్టు ఒక్క ప్రశ్న కాడనే ఆగిపోతే ఏం చేయాలె?

సున్నా ఒకటి

తెలుగు టైపింగ్ పెట్టొచ్చు కానీ కోడ్‌లో ముందు శుద్ధి చేయాలి. కంటికి ఒకేలా ఉన్న మాట ఫోన్‌లో వేర్వేరుగా నిల్వ ఉండొచ్చు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని జీరో విడ్త్ అక్షరం పెడతాయి. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెలుగు అంకెలు ౨౧ కొట్టేవాళ్లూ ఉంటారు. కాబట్టి జవాబు తీసుకోగానే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే మాటను ఎప్పుడూ ఒకే తీరుగా నిల్వచేసే యూనికోడ్ పద్ధతి) మార్చి, జీరో విడ్త్ గుర్తులు రెండూ తీసేసి, తెలుగు అంకెలను మామూలు అంకెలు చేసి, ఖాళీలు తొలగించి, అప్పుడు పోల్చండి. పోలిక కూడా "సమానమా" అని కాకుండా "తారక అనే మాటతో మొదలైందా" అని పెడితే మీరడిగిన రెండూ పాసవుతాయి. ఫామ్‌లో ఈ శుద్ధి కుదరదు, అక్కడ అంకె జవాబులే పెట్టండి, లేదా తొమ్మిది పేర్లతో డ్రాప్‌డౌన్. డ్రాప్‌డౌన్ అయితే పిల్లలు వరుసగా తొమ్మిదీ నొక్కి చూస్తారు. వెబ్ పేజీలో అయితే తప్పు జవాబుకు 60 సెకన్లు ఆగేలా పెడితే ఊహించడం కంటే నడిచి చూడటమే తొందరవుతుంది.

కోటగోడ

ఆగిపోయిన జట్టుకు సూచనలు మూడు మెట్లుగ పెట్టండి. నాలుగు నిమిషాలకు ఎక్కడ చూడాలో, ఎనిమిదికి ఎట్ల చూడాలో, పన్నెండుకు జవాబే. జవాబు తీసుకుంటే జట్టు సమయానికి ఐదు నిమిషాలు కలపాలె. ఏ జట్టునూ పూర్తిగ ఆపొద్దు, ఒకరు ఆగితే గుండ్రంగ తిరిగే వరుస మొత్తం ఒకే కాడ పోగవుతది.

ఆటకు వారం ముందు, అలంపూర్ గురించి ఏమీ తెలువని ముగ్గురితో ఆడించండి. మీరు పక్కన నిలబడి నోరు మూసుకొని గడియారం చూడాలె. పన్నెండు నిమిషాలు దాటిన ప్రశ్నను సూచనలతో అతుకెయ్యొద్దు, తిరిగి రాయాలె. ప్రశ్న చదివి వాళ్లు నేల చూస్తున్నరా, శిఖరం చూస్తున్నరా అన్నది గూడ రాసుకోండి. నేల చూస్తే ప్రశ్నలో దిక్కు చెప్పలేదన్నట్టు. ఆవరణ నుంచి సంగమేశ్వరం దాక నడక గూడ అప్పుడే కొలుచుకోండి, చివరి అర గంటల అది కూడ పడుతది.

జట్టుకు ఆట నడిపేది ఒక్క ఫోనే ఉండాలె, మిగతావి జేబుల. లేకుంటే నలుగురు నాలుగు స్క్రీన్‌లు చూస్తరు. స్క్రీన్ వెలుగు ఎండల పెంచాల్సిందే, రెండు గంటలకు బ్యాటరీ గట్టిగనే దిగుతది, రెండు జట్లకు ఒక 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ పట్టుకపోండి. క్యూఆర్ తప్పదనుకుంటే మీ మనుషుల మెడల కార్డులకు వేయండి. అడుగు దూరం నుంచి చదవాలంటే మూడు సెంటీమీటర్ల కోడ్ సరిపోతది. తప్పు దిద్దే స్థాయి "హెచ్" పెడితే 30 శాతం దాక చెడినా చదువుతది. మెరిసే లామినేషన్ ఎండకు తళుక్కుమని స్కాన్ కాదు, మ్యాట్ అడగండి. తాళం, డబ్బా, కార్డులు కలిపి వెయ్యి లోపల అయితయి.

ఆరు ప్రశ్నలూ, మూడు మెట్ల సూచనలూ ఒక కాగితం మీద ముద్రించి, కవర్ల సీలు చేసి జట్టుకొకటి ఇయ్యండి. ఫోన్ ఆగిపోయిన జట్టు కవరు చించి ఆట సాగిస్తది.