పక్కింటి సీసీ కెమెరా మా పెరటి వైపు తిరిగి ఉంది, ఏం చేయొచ్చు?

మాది హనుమకొండలో సొంతిల్లు. పక్కింటివాళ్లు ఈమధ్య మేడ మీద సీసీ కెమెరా పెట్టారు, వాళ్ల గేటు వైపు పెట్టుకుంటే ఎవరూ కాదనరు, కానీ అది నేరుగా మా పెరట్లోకి, బట్టలారేసే చోటికి, బాత్రూం తలుపు దాకా తిరిగి ఉంది. అమ్మ, చెల్లి పెరట్లోకి వెళ్లాలంటేనే ఇబ్బంది పడుతున్నారు. అంకుల్‌ని మర్యాదగానే అడిగాను. "దొంగల భయానికి పెట్టుకున్నాం బాబూ, మీకేం టెన్షన్" అన్నారు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టమేమో ఎవరైనా తమ సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు వర్తించదు. మరి పక్కింటాయన మీద ఏ చట్టం పనిచేస్తుంది? ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లను ఎవరూ చూడరనుకునే చోట స్నానం లాంటి వ్యక్తిగత పనుల్లో ఉన్నప్పుడు చూసినా, చిత్రీకరించినా నేరమే. దానికి కెమెరా అటు తిరిగి ఉంటే చాలా, లేక రికార్డయినట్టు రుజువు కావాలా?

రోజూ మొహాలు చూసుకోవాల్సిన వాళ్లం, గొడవ పెంచుకోవాలని లేదు, అలాగని ఊరుకోలేను కూడా. ముందు లాయర్ నోటీసు ఇవ్వడం మంచిదా, పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పాలా, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (కెమెరా అటు పెట్టకుండా ఆపే ఉత్తర్వు) అడగాలా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.