శిక్షించే అధికారం లేని ఒడంబడికలు ఉమ్మడి సముద్రాలను కాపాడగలవా?

తీరరేఖ (ప్రశ్న):
ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1974లో ప్రాంతీయ సముద్రాల కార్యక్రమాన్ని ప్రారంభించినప్పటి నుంచి మధ్యధరా సముద్రం, కరీబియన్, పర్షియన్ గల్ఫ్, తూర్పు ఆఫ్రికా తీరం వంటి చోట్ల ఇరుగుపొరుగు దేశాలు ఒడంబడికలు కుదుర్చుకుంటూ వచ్చాయి. వాటిలో ‘తగిన చర్యలన్నీ తీసుకోవాలి’ అన్న మాట పదేపదే కనిపిస్తుంది గాని, తీసుకోని దేశాన్ని ఏం చేయాలో స్పష్టంగా కనిపించదు. ఒక దేశం వదిలిన మురుగు మరో దేశపు తీరానికి చేరుతున్నప్పుడు, అడిగే నాథుడు లేని ఇలాంటి ఒప్పందం వల్ల నిజంగా బాగుపడిన సముద్రం ఏదైనా ఉందా? ఉంటే, అది ఒప్పందం ఫలితమేనని ఎలా నిర్ధారించగలం?

ఉత్తరసాగరం:
బాల్టిక్ సముద్రంతో మొదలుపెట్టడం మంచిది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న 1974లోనే సోవియట్ యూనియన్, రెండు జర్మనీలు సహా ఏడు తీరదేశాలు హెల్సింకీ ఒడంబడికపై సంతకాలు చేశాయి. దాని అమలును చూసే కమిషన్ అయిన హెల్‌కామ్ ఏకాభిప్రాయంతోనే సిఫార్సులు చేస్తుంది. ఆ సిఫార్సులకు చట్టబద్ధత లేదు. అయినా ఏ నగరం, ఏ కర్మాగారం ఎక్కువ కాలుష్యాన్ని వదులుతున్నాయో 1992లో జాబితాగా ప్రకటించడంతో, చర్చ సముద్రం గురించిన సాధారణ ఆవేదన నుంచి ఫలానా మురుగు గొట్టానికి ఎవరు డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు మారింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నైరుతి మురుగునీటి శుద్ధి కేంద్రం 2005లో ప్రారంభమైందంటే, అందులో ఫిన్లాండ్, స్వీడన్‌ల సహాయం కూడా ఉంది. పొరుగువాడి గొట్టానికి మన డబ్బెందుకన్న అభ్యంతరం సహజమే కాని, అప్పటికే తమ మురుగును బాగా శుద్ధి చేసుకుంటున్న దేశాలు అదే డబ్బుతో తమ దగ్గర తగ్గించగలిగేది చాలా తక్కువ.

శిక్ష విషయానికి వస్తే, హెల్‌కామ్ చేతిలో లేని బెత్తం ఐరోపా సమాఖ్య చేతిలో ఉంది. పట్టణ మురుగునీటిపై 1991లో వచ్చిన ఆ సమాఖ్య ఆదేశాన్ని సభ్యదేశాలు పాటించి తీరాలి. పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు 2004లో సమాఖ్యలో చేరాక అది వాటికీ వర్తించింది. కాబట్టి బాల్టిక్ విజయాన్ని పూర్తిగా ఒడంబడిక ఖాతాలో వేయడం సరికాదు.

నదీముఖం:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. నల్ల సముద్రపు వాయవ్య భాగంలో, డాన్యూబ్ వంటి నదులు మోసుకొచ్చిన ఎరువుల అవశేషాలతో నాచు విపరీతంగా పెరిగి కుళ్లడం వల్ల 1970, 80 దశకాలలో అడుగు నీటిలో ప్రాణవాయువు కరువై జీవజాలం పెద్దయెత్తున నశించింది. 1990లలో అక్కడ పరిస్థితి మెరుగుపడటం మొదలైంది. ఆరు తీరదేశాల బుఖారెస్ట్ ఒడంబడిక కుదిరింది 1992లో, అమలులోకి వచ్చింది 1994లో. ఈ తేదీలను మాత్రమే చూసిన వారికి ఇది ఒడంబడిక సాధించిన విజయంలాగే కనిపిస్తుంది. నిజానికి తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు వ్యవస్థలు కూలడంతో వ్యవసాయం కుదేలై, ఎరువుల వాడకం ఒక్కసారిగా పడిపోవడమే ప్రధాన కారణం. ఓడలు సమతూకం కోసం నింపుకునే బ్యాలస్ట్ నీటితో 1980లలో వచ్చి అక్కడి చేపల సంపదను దెబ్బతీసిన నిమియాప్సిస్ అనే జెల్లీ జీవిని అదుపు చేసింది కూడా ఏ సమావేశమూ కాదు. దాన్నే తిని బతికే బెరోయి అనే మరో జెల్లీ జీవి 1997 ప్రాంతంలో ఎవరూ పిలవకుండానే వచ్చి చేరింది.

తీరరేఖ:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే, పరాయి దేశాల జెండాలతో తిరిగే ఓడల మాటేమిటి? తీరదేశాలు తమలో తాము రాసుకున్న నియమం వాటికి వర్తించదు కదా?

ఉత్తరసాగరం:
నేరుగా వర్తించదు. అందుకే తీరదేశాలు ఉమ్మడిగా అంతర్జాతీయ సముద్రయాన సంస్థను ఆశ్రయించి, తమ సముద్రానికి ప్రత్యేక నియమాలు రాబట్టుకుంటాయి. నా దృష్టిలో ప్రాంతీయ సహకారం వల్ల కలిగే అసలు లాభాలలో ఇదొకటి. మధ్యధరా సముద్రంలో 2025 మే 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 0.10 శాతానికి మించరాదన్న నియమం ఏ దేశపు జెండా ఎగరేసే ఓడకైనా వర్తిస్తుంది. బాల్టిక్‌లో ఆ పరిమితి 2015 నుంచే ఉంది. ఇలా కాక, ఒడంబడికలకు అనుబంధ ప్రోటోకాల్‌లు రాసుకుని ధ్రువీకరణల కోసం ఎదురుచూసే దారి ఎంత నిదానమో తెలియాలంటే, సముద్రగర్భంలో చమురు తవ్వకాలపై మధ్యధరా దేశాలు 1994లో సిద్ధం చేసుకున్న ప్రోటోకాల్‌ను చూడవచ్చు. అది 2011లో గాని అమలులోకి రాలేదు.

నదీముఖం:
మీ మొదటి ప్రశ్నలోని రెండో భాగానికి నా సూచన ఇది: సముద్రపు స్థితిని కాదు, అందులోకి చేరుతున్న భారాన్ని చూడండి. బాల్టిక్‌లోకి నదుల ద్వారా, గొట్టాల ద్వారా వచ్చే నత్రజని, భాస్వరం 1980లతో పోలిస్తే బాగా తగ్గాయి. అయినా అడుగు బురదలో దశాబ్దాలుగా పేరుకున్న భాస్వరం తిరిగి నీటిలోకి వస్తూ ఉండటంతోనూ, ఆ సముద్రంలోని నీరు పూర్తిగా మారడానికి సుమారు 30 ఏళ్లు పట్టడంతోనూ, లోతైన చోట్ల ప్రాణవాయువు లేని ప్రాంతాలు ఇంకా ఉన్నాయి. స్థితి మాత్రమే చూస్తే అక్కడి ఒడంబడిక విఫలమైందనీ, నల్ల సముద్రపు ఒడంబడిక గెలిచిందనీ పొరబడతాం. ఏ దేశం నుంచి, ఏ నది గుండా, ఏటా ఎన్ని టన్నులు చేరుతున్నాయో చూస్తేనే మాట నిలుపుకున్నదెవరో తెలుస్తుంది. హెల్‌కామ్ ఆ లెక్కలను దేశాలవారీగా ప్రచురిస్తుంది.