ఇంటి పన్ను ఒక్కసారిగా డబుల్ దాటింది, సందులో డ్రైన్‌కి మాత్రం ఫండ్స్ లేవంట... ఎవర్ని అడగాలి?

సింగ్‌నగర్ కుర్రాడు:
అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ సింగ్‌నగర్, నాన్నగారు కట్టిన ఇల్లు, ఆయన పోయి రెండేళ్ళయింది, అమ్మా నేనూ ఉంటున్నాం. మొన్నటిదాకా ఆర్నెల్లకి 1,610 వచ్చేది, ఈసారి 3,940 వచ్చింది. ఏడాదికి 15 శాతం కంటే పెంచకూడదని రూల్ ఉంది కదా మరి ఇదెలా పెరిగింది? ఇంకోటి, మా సందులో సైడు డ్రైన్ లేదు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు ఎలాగూ అందరం మునిగాం అది వేరే సంగతి, కానీ మామూలు వానకి కూడా మా గుమ్మం ముందు రెండ్రోజులు నీళ్ళు నిలుస్తాయి. అడిగితే ఫండ్స్ లేవంటున్నారు. పన్ను రేటు కార్పొరేషన్ కౌన్సిలే పెట్టుకుంటది కదా, ఆ డబ్బు ఎటు పోతుంది, దీని మీద ఎవరికి అర్జీ పెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పటమట అన్న:
తమ్ముడూ 15 శాతం రూల్ నిజమే, కాకపోతే అది ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంటేనే. కొత్తగా గది కట్టినా, ఇల్లు షాపుగా మారినా ఆ లిమిట్ వర్తించదు. బిల్లులో వినియోగం అనే చోట ఏముందో చూడు ఒకసారి, మీ ఇంట్లో కింద ముందు గదికి ఏమన్నా షట్టర్ ఉందా?

సింగ్‌నగర్ కుర్రాడు:
ఉంది అన్నా!! నాన్న ఉన్నప్పుడు ముందు గదికి షట్టర్ పెట్టించి జిరాక్స్ షాపుకి ఇచ్చారు, వాళ్ళు ఖాళీ చేసి చాలా రోజులైంది. షట్టర్ అలాగే ఉంది గానీ లోపల అమ్మ మంచం వేసుకుని పడుకుంటుంది. బిల్లులో చూస్తే కొంత భాగం నివాసేతరం అని ఉంది, నేనసలు ఆ మాటే గమనించలేదు.

గుంటూరు పెద్దాయన:
బాబూ, నేను ముప్పై ఏళ్ళు ఈ ఇంటి పన్ను వేసే పనే చేసి రిటైరయ్యాను, కాస్త ఓపిగ్గా చదువు. 2021 ఏప్రిల్ 1కి ముందు పన్ను అద్దె విలువ మీద వేసేవాళ్ళం, ఈ ఏరియాలో ఈ రకం ఇంటికి గజానికో అడుగుకో ఇంత అద్దె వస్తుందని లెక్క. 2020లో చట్టం మార్చారు, నవంబర్‌లో జీవో 198 వచ్చింది, అప్పటినుంచి మూలధన విలువ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళ పుస్తకంలో స్థలానికి, కట్టడానికి ఎంత రేటు ఉందో దాని మీద. ఇళ్ళకి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఇల్లు కాని వాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య అని రాష్ట్రం గీత గీసింది. కౌన్సిల్ చేతిలో ఉన్నది ఆ రెండు గీతల మధ్య ఎక్కడ పెట్టాలనేదే, సున్నా పెడతాం అంటే కుదరదు. కాబట్టి రేటు మొత్తం కౌన్సిలే పెట్టుకుంటది అన్న మాట సగమే నిజం.

లెక్క ఎలా ఉంటుందో చెప్తా, ఇవి ఊరికే ఉదాహరణకి వేసిన అంకెలు. స్థలం 20 లక్షలు, కట్టడం 10 లక్షలు అనుకో, మొత్తం 30 లక్షలు, 0.10 శాతం అయితే ఏడాదికి 3,000. నీ పాత పన్ను 2,000 అయితే ఒక్కసారే 3,000 వెయ్యరు, మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, మూడో ఏటికి 3,000కి చేరి ఆగుతుంది. దీనికి తోడు గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు, అది కార్పొరేషన్‌ది కాదు జిల్లా గ్రంథాలయ సంస్థకి పోతుంది. 375 చదరపు అడుగుల లోపు ఇంటికైతే ఏడాదికి 50 రూపాయలే.

ఇక నీ సంగతి. షట్టర్ కనపడితే కొలిచేవాడు షాపు అనే రాస్తాడు, లోపల మంచం ఉందని వాడికెట్లా తెలుస్తుంది, షాపు ఖాళీ అయిందని మీరు రాసివ్వలేదు కదా. రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్ళీ లెక్క చూడమని అర్జీ, పెట్టు. దాంతోపాటు రెండు ముఖ్యం. ఒకటి, ఆ గదికి వేరే కరెంటు మీటర్ ఉందేమో చూడు, అది వాణిజ్య కేటగిరీలో ఉంటే నువ్వెన్ని ఫొటోలు పెట్టినా నమ్మరు, ముందు కరెంటు ఆఫీసులో గృహ కేటగిరీకి మార్పించి ఆ బిల్లు జత చెయ్యి. రెండు, వీలైతే షట్టర్ తీసేసి తలుపు పెట్టించండి, ఖర్చే గానీ మళ్ళీ సర్వే వచ్చినప్పుడల్లా ఈ గొడవ ఉండదు. నోటీసు వస్తే గడువు దాని మీదే ఉంటుంది, అది దాటనివ్వకు. కోర్టు దాకా పోవాలంటే ముందు డిమాండ్ సొమ్ము కట్టి పోవాల్సిందే, ఇంత చిన్నదానికి అక్కడిదాకా వద్దు.

సింగ్‌నగర్ కుర్రాడు:
పెద్దాయన గారూ చాలా థ్యాంక్స్ అండి. మీటర్ సంగతి నిజంగా తట్టలేదు, ఇప్పుడే చూశా, షట్టర్ గదికి వేరే మీటరే ఉంది, నెలనెలా కడుతున్నాం కూడా. ఇల్లు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, పిటిషన్ నేను పెట్టొచ్చా? పిటిషన్ తేలేదాకా పన్ను కట్టకుండా ఆపనా?

గుంటూరు పెద్దాయన:
ఆపకు నాయనా. మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30, రెండోది డిసెంబర్ 31 లోపు, దాటితే నెలకి 2 శాతం వడ్డీ. కట్టేసెయ్యి, తగ్గిస్తే ఎక్కువ కట్టింది ముందు బిల్లులో సర్దుతారు. కొన్నేళ్ళు మార్చిలో వడ్డీ మాఫీ జీవోలు వచ్చాయి, వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశాను, అసలు సొమ్మే కొండంత అయి కూర్చుంటుంది. వచ్చే ఏడు నుంచి ఏప్రిల్ 30 లోపు ఏడాదిదంతా ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. పేరు మార్పు కూడా ఇప్పుడే చేయించు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా గానీ పంపకాల దస్తావేజు గానీ ఉంటే అది. ఒక్క మాట గుర్తుపెట్టుకో, పన్ను రసీదు మీద పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు నీదైనట్టు కాదు, హక్కు దస్తావేజుతోనే. ముందు అమ్మగారిని కూర్చోబెట్టుకుని ఆ పని తేల్చుకోండి.

మొగల్రాజపురం అక్క:
డ్రైన్ గురించి నేను చెప్తా, మా వీధికి ఇదే పని మీద ఏడాదిన్నర తిరిగాను. ఫండ్స్ లేవు అనే మాట విని వెనక్కి రాకు తమ్ముడూ, ఏ హెడ్‌లో, అంటే ఏ పద్దులో లేవు అని అడుగు. డబ్బు రకరకాల సంచుల్లో ఉంటుంది. ఇంటి పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, ప్లాన్ ఫీజులు ఇవన్నీ జనరల్ ఫండ్, జీతాలూ కరెంటు బిల్లులూ అన్నీ పోనూ మిగిలింది పనులకి. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం గ్రాంట్ వస్తే దానికి షరతులుంటాయి, జీతాలకి వాడకూడదు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో విజయవాడ పది లక్షలు దాటిన నగరాల లిస్టులో ఉంది కాబట్టి మనకి గాలి నాణ్యతకి, మంచినీళ్ళకి, పారిశుధ్యానికి ముడిపెట్టి ఇచ్చారు. గుంటూరు లాంటి చోట 60 శాతం నీళ్ళకీ పారిశుధ్యానికీ కట్టేసి 40 శాతం స్థానిక అవసరాలకి వదిలారు. ఇంకో సంగతి, ఆ గ్రాంట్లు రావాలంటే రాష్ట్రం ఆస్తి పన్నుకి కనీస రేట్లు నోటిఫై చేయాలి, తర్వాత వసూళ్ళు రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ) వృద్ధితో పాటు పెరగాలి అని షరతు పెట్టారు. అందుకే 2020లో అంత హడావిడిగా పద్ధతి మారింది, పైగా అప్పుడు కరోనా టైంలో రాష్ట్రాలకి అదనపు అప్పు ఇవ్వడానికి కూడా ఇదొక షరతు.

వాననీటి పెద్ద కాలవలకి విజయవాడకి కేంద్రం 461 కోట్లు ఇచ్చింది కదా, అది ఆ ప్రాజెక్టుకే, పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ వాళ్ళు చూశారు. దాంట్లోంచి మీ సందుకి సైడు డ్రైన్ వేయమంటే కుదరదు, అది జనరల్ ఫండ్‌లోంచే రావాలి.

చేయాల్సింది ఇది. వార్డు సచివాలయంలో రోడ్లు, డ్రైన్ల లాంటి పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఉంటారు, ఆయన్ని తీసుకెళ్ళి సందు కొలిపించు, ఎన్ని మీటర్లు, నీళ్ళు ఏ కాలవలోకి పోవాలి, వాలు ఎటు ఉంది. మా దాంట్లో అక్కడే చిక్కొచ్చింది, మెయిన్ డ్రైన్ మా సందు కంటే అడుగు ఎత్తున ఉంది, ముందు అది తేలకుండా ఎస్టిమేట్ వేసినా పనికిరాదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎస్టిమేట్ వేశాక ఆ నంబర్ రాసుకో. దాన్ని మీ కార్పొరేటర్‌కి ఇచ్చి కౌన్సిల్‌లో ప్రతిపాదన పెట్టమను. చిన్న పనులు కమిషనర్ స్థాయిలో, కాస్త పెద్దవి స్టాండింగ్ కమిటీలో, ఇంకా పెద్దవి కౌన్సిల్లో మంజూరవుతాయి. నువ్వు నంబర్‌తో అడిగితే ఎక్కడ ఆగిందో చెప్పక తప్పదు, ఉత్తినే మా సందులో డ్రైన్ లేదు అంటే రాసుకుంటాం అంటారు.

పటమట అన్న:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. అసలు టైమింగ్ ముఖ్యం తమ్ముడూ. బడ్జెట్ కమిషనర్ తయారు చేసి స్టాండింగ్ కమిటీకి, అక్కణ్ణుంచి కౌన్సిల్‌కి వెళ్తుంది, కొత్త సంవత్సరం ఏప్రిల్‌లో మొదలు కాబట్టి సంక్రాంతికి ముందే ఎస్టిమేట్ రెడీగా ఉండాలి, మే నెలలో వెళ్తే అంతా అయిపోయి ఉంటుంది. రేట్ల విషయంలోనూ అంతే, మార్చాలంటే డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి జనం అభ్యంతరాలు తీసుకోవాలి, 2021లో అలాగే తీసుకున్నారు, అప్పుడు మా అపార్ట్‌మెంట్లో నలభై ఫ్లాట్లు ఉంటే రాసిచ్చింది ముగ్గురం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కౌన్సిల్ తీర్మానం చేసినా ప్రభుత్వం దాన్ని రద్దు చేయగలదు, బైలాలకి ప్రభుత్వం ఆమోదం కావాలి, అయినా సరే ఆ అభ్యంతరాల ఫైలు కట్ట లావుగా ఉంటే విలువ వేరు. ఒకప్పుడు చెత్త చార్జీ నెలకి 120 అన్నారు, జనం ఊరూరా అడిగారు, 2024 చివర్లో ఎత్తేశారు కదా.

సింగ్‌నగర్ కుర్రాడు:
అందరికీ అప్‌డేట్ అండి, నెలన్నర అయింది. మీటర్ కేటగిరీ మార్పించాం, ఆ బిల్లూ, గది లోపలి ఫొటోలూ పెట్టి అమ్మ పేరుతో పిటిషన్ ఇచ్చాం. సచివాలయం నుంచి టేపు పట్టుకుని వచ్చారు, షట్టర్ ఎత్తితే మంచం, పక్కన మందుల డబ్బా, గోడకి నాన్న ఫొటో, కొలవడానికి వచ్చినాయన అక్కడే నిలబడి రాసుకున్నారు. గది మొత్తం నివాసం కింద మారింది, ఎక్కువ కట్టింది తర్వాతి బిల్లులో సర్దుతామన్నారు. షట్టర్ తీసి తలుపు పెట్టడానికి వడ్రంగిని మాట్లాడాం. డ్రైన్ కొలతలు కూడా అయ్యాయి, 62 మీటర్లు, అక్కా మీరు చెప్పినట్టే మెయిన్ డ్రైన్ లెవెల్ చూడమని అడిగా, మాకు వాలు సరిపోతుందంట. ఎస్టిమేట్ నంబర్ వచ్చింది, ఆదివారం సందులో పదకొండు ఇళ్ళవాళ్ళం సంతకాలు పెట్టుకుని కార్పొరేటర్ దగ్గరికి వెళ్తున్నాం. ఆ అర్జీలో ఇంకేమన్నా రాయాలంటే శనివారం లోపు చెప్పండి.

మొగల్రాజపురం అక్క:
పదకొండు ఇళ్ళ అసెస్‌మెంట్ నంబర్లు, అదే పన్ను బిల్లు మీద ఉండేవి, సంతకాల పక్కనే రాయించు, పన్ను బకాయి ఎవరికీ లేకుండా చూసుకో. అర్జీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రాకు.