మృతమైన విశ్వాసం ఎవరిదో తేల్చేది ఎవరు?

దీపస్తంభం: అన్నవస్త్రాలు లేని సహోదరుణ్ణి "సమాధానముగా వెళ్లుడి" అంటూ వట్టి చేతులతో పంపివేస్తే ఏమి ప్రయోజనమని బైబిలులోని యాకోబు పత్రిక (లేఖ) రెండవ అధ్యాయం సూటిగా అడుగుతోంది. మన సంఘాలలో సాక్ష్యం చెప్పడానికి లేచేవారికి కొదవ లేదు గాని, రోగి పక్కన కూర్చునేవారు కనబడరు. క్రియలు లేని విశ్వాసం మృతమని ఒప్పుకోవడానికి అభ్యంతరమేమిటి?

చదువరి: అభ్యంతరం ఉంది. ఎఫెసీ పత్రిక 2:8, 9 ప్రకారం రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా కలిగినదే తప్ప క్రియల వలన కాదు. ప్రొటెస్టంట్ సంస్కరణకు నాయకుడైన లూథర్ 1522లో యాకోబు రాసినదాన్ని గడ్డి పత్రిక అన్నది ఊరికే కాదు.

దీపస్తంభం: పదవ వచనానికి ముందే ఎందుకు ఆగిపోయారు? సత్క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామని అక్కడే ఉంది.

ఒలీవకొమ్మ: యేసు పక్కన చివరి గడియలో నమ్మి రక్షణ పొందిన సిలువ మీది దొంగ ఏ సత్క్రియ చేశాడు?

చదువరి: అబ్రాహాము సంగతి చూడండి. విశ్వాసం వలననే నీతి అనడానికి అపొస్తలుడైన పౌలు ఆధారం ఆదికాండము 15:6, అంటే అబ్రాహాము నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడిందనే మాట. ఇస్సాకును అర్పించడం, అంటే యాకోబు చూపించే ఘట్టం, 22వ అధ్యాయంలో గాని రాదు. ముందు నీతిమంతునిగా ఎంచబడ్డాడు, క్రియ తరువాత వచ్చింది. ఈ వరుసకు జవాబు చెప్పండి.

బాటసారి: ఫలాలుగా సత్క్రియలు వెంబడిస్తాయని కథోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కలిసి సంతకం చేశాయి. ఇంకా ఈ వాదులాట ఎందుకు?

దీపస్తంభం: వరుసలు మీరే పెట్టుకోండి. మా నాన్నగారు మంచాన పడినప్పుడు సంఘమంతా ప్రార్థన చేస్తున్నామని కబురు పంపింది; రాత్రిళ్లు కూర్చున్నది మాత్రం ఏనాడూ గుడి గడప తొక్కని పొరుగాయన. మీ వంటివారి విశ్వాసం ఏపాటిదో అప్పుడే తెలిసింది.

చదువరి: నా విశ్వాసాన్ని తూచడానికి మీరెవరు? ఏళ్ల తరబడి అనాథల వసతిగృహంలో వండి వడ్డించాను. జబ్బు చేసి మానుకున్న నెలకే "చల్లారిపోయింది" అన్నారు మా పెద్దలు. క్రియలే కొలమానమైతే, చేయలేనివాడు మృతుడేనా? నా భయమల్లా అదే. లూథర్ గొడవ కాదు.

దీపస్తంభం: ఈ మాట మొదటే చెప్పవలసింది. అయితే మత్తయి 25లోని అంతిమ తీర్పులో రాజు కుడివైపు నిలిచినవారికి తాము చేసిన మేలు గుర్తే లేదు. లెక్క రాసుకున్నది మీ పెద్దలు. ఆ తప్పును యాకోబు నెత్తిన రుద్దకండి.

చదువరి: ఎడమవైపు నిలిచినవారిని వేరుచేసింది రాజు. మీరు ఆ పని ఈ చర్చ మొదటి మాటలోనే చేశారు.